లారీ దిగేటప్పుడు పడిపోకుండా ఎలా దిగాలి, పడితే ఆ రోజే ఏం చేయాలి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్షా, ఘుగ్గూస్, గడ్‌చాందూర్ చుట్టుపక్కల బొగ్గు, సిమెంటు, పత్తి మోసే బండ్ల మీద పనిచేసే మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. డ్రైవర్లు, క్లీనర్లు, హమాలీలు, ట్రాక్టర్ ట్రాలీలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, అందరికీ పనికొస్తుంది. యాక్సిడెంట్ అనగానే మనకు రోడ్డు మీద బండ్లు గుద్దుకోవడమే గుర్తొస్తుంది. కానీ బండి ఆపేసి, ఇంజన్ ఆర్పేసి, తాళం జేబులో వేసుకున్నాక కిందికి దిగుతూ కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు మన మధ్యే ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేసుకోండి. వాళ్ళ గురించి పేపర్లో రాదు, ఎవరూ మాట్లాడరు, కాలు జారిందట అనేసి ఊరుకుంటారు.

నేను పందొమ్మిదేళ్ళు టిప్పర్ నడిపాను. ఒక ఆగస్టులో, కాటా దగ్గర లైన్‌లో ఉన్నాను, చేతిలో చిట్టీ, వెనక బండివాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, డోరు తీసి ఎప్పట్లాగే కిందికి దూకేశాను. అంతకుముందు ఎన్ని వేలసార్లు అలా దూకానో నాకే తెలియదు. ఆ రోజు నా కాలు పడేచోట కోడిగుడ్డంత బొగ్గు పెళ్ళ ఉంది. కుడికాలి మడమ ఎముక పగిలింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. ఇప్పటికీ పొద్దున్నే లేచి మొదటి పది అడుగులు గోడ పట్టుకునే వేస్తాను. అందుకే కింద రాసిన ప్రతి మాటా చదవండి, మీ క్లీనర్ పిల్లాడికి చదువు రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

దూకితే ఏమవుతుంది

లారీ క్యాబిన్ నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, కొన్ని బండ్లకు ఇంకా ఎక్కువ. నాలుగడుగుల నుంచి దూకితే పాదం నేలను తాకే వేళకు వేగం గంటకు 17 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగమంతా ఒక్క క్షణంలో ఆగిపోవాలి కదా, ఆ దెబ్బ మన ఒంటి బరువుకు ఎన్నో రెట్లుగా మడమ మీద, చీలమండ మీద, మోకాలి మీద, అక్కడి నుంచి నడుము మీద పడుతుంది. మోకాళ్ళు బాగా వంచి దిగితే కొంత తట్టుకుంటాం, నిజమే. కానీ ఆరేడు గంటలు సీట్లో కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్ళు సమయానికి వంగవు. పాదం కొంచెం పక్కకు పడితే చీలమండ మడత పడుతుంది. చెయ్యి నేలకు ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. ఒక చెయ్యి కడ్డీని పట్టుకునే ఉండి ఒళ్ళు మాత్రం జారిపోతే భుజం కీలు ఊడుతుంది. ఇవేవీ ఒక్కరోజులో తగ్గే దెబ్బలు కావు.

ఒక్కసారి ఏమీ కానంత మాత్రాన రోజూ దూకొచ్చు అనుకోకండి. ఏ పెద్ద దెబ్బా తగలకపోయినా రోజుకు ఇరవై సార్లు పదేళ్ళు దూకితే మోకాళ్ళు, నడుము అరిగిపోతాయి. నలభై దాటిన డ్రైవర్లు మెట్లెక్కుతుంటే చూడండి, ఎంతమంది మోకాలు పట్టుకుంటారో.

బండి ఎక్కడ ఆపుతున్నారన్నదే మొదటి పని

దిగడం డోరు దగ్గర మొదలవ్వదు, బండి ఆపే చోటే మొదలవుతుంది. ఆపే ముందు మీ డోరు కింద నేల ఎలా ఉందో అద్దంలోంచి చూడండి. ఇక్కడ వానాకాలంలో నల్లరేగడి సబ్బులా జారుతుంది, దాని మీద బొగ్గుపొడి కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. గనుల దారుల్లో దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లుతారు కాబట్టి అక్కడ మే నెలలోనూ బురద ఉంటుంది. నాలుగడుగులు ముందుకు పోతే మొరం పోసిన గట్టినేల దొరుకుతుందంటే ఆ నాలుగడుగులు ముందుకు పోయే ఆపండి. కాలువ అంచున, డీజిల్ కారిన చోట, పెళ్ళలు చిందరవందరగా పడ్డ చోట ఆపకండి.

హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగండి, ఇంజన్ ఆపి గేరులో పెట్టండి. కొంచెం వాలు ఉన్నా క్లీనర్‌తో టైరు కింద చెక్క పెట్టించండి. మీరు సగం దిగి ఉండగా బండి ఒక జానెడు కదిలినా చాలు, కాలు మెట్టు మీద ఉండదు.

రోడ్డు పక్కన ఆపితే ఇంకో సంగతి ఉంది. మన బండ్లకు డ్రైవర్ డోరు కుడివైపు, అంటే బండ్లు దూసుకుపోయే వైపు తెరుచుకుంటుంది. రాత్రిపూట చంద్రపూర్ రోడ్డు మీద ఎడమ అంచున ఆపి కుడి డోరు తీసి దిగడం కంటే లోపల్నుంచి జరిగి క్లీనర్ వైపు దిగడం మంచిది, కానీ అటు గుంట ఉందో రాళ్ళున్నాయో టార్చి వేసి చూసుకున్నాకే. రెండువైపులా బాగా లేకపోతే ఇంకా ముందుకు పోయి పెట్రోల్ బంకులోనో ధాబా దగ్గరో ఆపండి.

ఒక నిమిషం కూర్చోండి

ఇంజన్ ఆపగానే దిగకండి. సీట్లోనే కూర్చుని రెండు పాదాలనూ పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించండి, మోకాళ్ళు నాలుగుసార్లు చాచి ముడవండి, నడుము కొంచెం అటూ ఇటూ తిప్పండి. కాలు తిమ్మిరెక్కి ఉంటే పాదం ఎక్కడ పడుతోందో మీకే తెలియదు, తిమ్మిరి పోయేదాకా దిగనే వద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తక్కువగా ఉండొచ్చు, వాళ్ళు ఈ నిమిషాన్ని రెండు నిమిషాలు చేసుకోవాలి, పైగా కాలు పెట్టే ముందు మెట్టును కళ్ళతో చూసి పెట్టాలి.

చేతులు ఖాళీగా ఉండాలి

నా కాలు పోయింది ఇక్కడే. చిట్టీ చేతిలో ఉంది కాబట్టి కడ్డీ పట్టుకోలేదు. దిగేటప్పుడు చేతిలో ఏమీ ఉండకూడదు, ఫోను, చిట్టీ, బిల్టీ, టిఫిన్ డబ్బా, నీళ్ళ బాటిల్, రాడ్డు, ఏదీ. కాగితాలు చొక్కా జేబులో పెట్టి గుండీ వేసుకోండి. డబ్బా, సంచి లాంటివి క్యాబిన్ అంచున పెట్టి, మీరు దిగి నేల మీద నిలబడ్డాక చెయ్యి చాచి తీసుకోండి. ఫోను మోగుతుంటే మోగనివ్వండి. టార్చి కూడా చేత్తో పట్టుకుని దిగకండి, నోట్లో కరుచుకోవద్దు, తలకు కట్టుకునే లైటు దొరుకుతుంది, అది కొనుక్కోండి, లేదంటే క్లీనర్‌ను ముందు దింపి కింద నుంచి వెలుగు పట్టమనండి.

వేలికి ఉంగరం ఉంటే అది కడ్డీ బోల్టుకో డోరు గొళ్ళేనికో తగులుకుని, ఒంటి బరువంతా ఆ వేలి మీద పడి, చర్మం తోలులా ఊడొచ్చే ప్రమాదం ఉంది. బండి మీద ఉన్నంతసేపు ఉంగరం తీసి పర్సులో పెట్టుకోండి, పెళ్ళి ఉంగరమైనా సరే. మెడలో వేలాడే కండువా, వదులు చేతుల చొక్కా కూడా తగులుకుంటాయి.

ఎక్కినట్టే దిగండి

అసలు విషయం ఇది. మన ఊళ్ళల్లో తాళ్ళెక్కే గౌడన్నను ఎప్పుడైనా చూశారా? ఎక్కేటప్పుడు చెట్టుకు ఎదురుగా ఉంటాడు, దిగేటప్పుడూ చెట్టుకు ఎదురుగానే ఉంటాడు. చెట్టుకు వీపు పెట్టి దిగే గౌడన్న ఎక్కడా ఉండడు. లారీ కూడా అంతే. క్యాబిన్‌కు ముఖం పెట్టి ఎక్కుతాం, మరి దిగేటప్పుడు వీపు పెట్టి రోడ్డు చూస్తూ ఎందుకు దిగుతున్నాం? వీపు పెట్టి దిగితే కడ్డీలు చేతికి అందవు, పాదంలో మడమ ఒక్కటే మెట్టు మీద ఆనుతుంది, జారితే పట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ ఉండదు.

కుడివైపు డోరు నుంచి డ్రైవర్ దిగే పద్ధతి చెప్తాను, మెల్లగా చదివి ఒకసారి బండి దగ్గర చేసి చూడండి. ముందు అద్దంలో చూసి డోరు పూర్తిగా తెరవండి, అది ఆగే చోటు దాకా. సగం తెరిచిన డోరు గాలికి వచ్చి తగులుతుంది. సీటు మీదే ఎడమవైపుకు తిరిగి, బయటికి వీపు, క్యాబిన్‌కు ముఖం వచ్చేలా నిలబడండి. ఇప్పుడు కుడిచేత్తో ముందు అద్దం పక్కనున్న కడ్డీ, ఎడమచేత్తో సీటు వెనకవైపున్న కడ్డీ గట్టిగా పట్టుకోండి. డోరును పట్టుకోవద్దు, అది ఊగుతుంది. స్టీరింగ్‌ను పట్టుకోవద్దు, అది తిరుగుతుంది. రెండు చేతులూ బిగిశాక ఒక కాలు పై మెట్టు మీదికి దించండి, వేళ్ళ కొన మాత్రమే కాకుండా పాదం సగమైనా మెట్టు మీద ఆనాలి. ఆ కాలు కుదురుకున్నాకే రెండో కాలు తీయండి. రెండు కాళ్ళూ కుదురుగా ఉంటేనే ఒక చెయ్యి తీసి కిందికి జరపండి.

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. రెండు చేతులు, రెండు కాళ్ళు, మొత్తం నాలుగు. ఎప్పుడు చూసినా వాటిలో మూడు బండికి ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. చెయ్యి, కాలు ఒకేసారి కదిపారంటే రెండే మిగులుతాయి, వాటిలో ఒకటి జారితే మీరు నేల మీదే.

చివరి మెట్టు దగ్గర ఎక్కువమంది వదిలేస్తారు. ఇక అయిపోయింది కదా అనుకుని అక్కడి నుంచి దూకుతారు, లేదా సగంలోనే పక్కకు తిరుగుతారు. కింది మెట్టు నుంచి నేలకు ఉండే ఎత్తు చాలా బండ్లలో మిగతా మెట్ల మధ్య ఎత్తు కంటే ఎక్కువ ఉంటుంది. అక్కడ ఒకసారి ఆగండి, భుజం మీదుగా కింద నేల చూడండి, పెళ్ళ ఉందా, గుంట ఉందా, తీగ ఉందా. తర్వాత ఒక కాలు నేల మీద పెట్టి బరువు మెల్లగా మోపండి, గట్టిగా ఉందనిపించాకే రెండోది. రెండు పాదాలూ నేల మీద ఉన్నాక చేతులు వదలండి, ఆ తర్వాతే తిరగండి. క్లీనర్ వైపు దిగేటప్పుడు ఇదంతా ఇలాగే, చేతులు మాత్రం మారతాయి, అద్దం పక్క కడ్డీ ఎడమచేతికి వస్తుంది.

ఇలా దిగడానికి పది సెకన్లు పడుతుంది. రోజుకు ఇరవై సార్లు దిగినా అన్నీ కలిపి మూడున్నర నిమిషాలు కూడా కాదు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. మీరు మంచాన పడితే ఇంటి కిరాయి అతను కట్టడు.

అలవాటు కావాలంటే నేను మా పిల్లలకు చెప్పే ఉపాయం ఒకటుంది. డోరు లోపలివైపు, గొళ్ళెం పైన, తెల్లపెయింటుతో "తిరిగి దిగు" అని రాయించండి. వారం రోజులు దిగిన ప్రతిసారీ బయటికే అనుకోండి, మూడు ఆనాయా అని. క్లీనర్ మిమ్మల్ని చూడాలి, మీరు క్లీనర్‌ను చూడాలి, ఎవరు దూకితే వాళ్ళు ఆ పూట టీ పోయించాలి.

ఎండ, చలి, చెప్పులు

చంద్రపూర్ ఎండ గురించి ఇక్కడివాళ్ళకు చెప్పాలా? మేలో 46, 47 డిగ్రీలు పోతుంది, మధ్యాహ్నం ఇనుప కడ్డీ చెయ్యి పెట్టనివ్వదు. అందుకే ఎండాకాలంలో అందరూ కడ్డీ పట్టుకోకుండా దూకుతారు, నేను కళ్ళారా చూశాను. అరచేతి వైపు రబ్బరు చుక్కలున్న నూలు గ్లౌజులు కిరాణాకొట్లో కూడా దొరుకుతున్నాయి, ఒక జత డోరు జేబులో ఉంచుకోండి. కడ్డీకి దస్తీ చుట్టి పట్టుకోవద్దు, గుడ్డతో సహా చెయ్యి జారుతుంది. చలికాలం తెల్లవారుజామున మంచుకు మెట్లు తడిసి ఉంటాయి, పాత గోనెసంచి ముక్కతో తుడిచి ఎక్కండి, దిగే ముందు కూడా.

హవాయి చెప్పులతో బండి నడపడం మనందరి అలవాటు. నడిపేటప్పుడు సుఖంగానే ఉంటుంది, దిగేటప్పుడు అదే మెట్టు మీద మడత పడి ముంచుతుంది. మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. కంపెనీ ఇచ్చే సేఫ్టీ బూట్ల మీద ఐఎస్ 15298 అని ఉందో లేదో చూడండి, అది మన దేశపు ప్రమాణం. బూటు సైజు సరిపోకపోతే ఊరుకోకుండా మార్చమని అడగండి, వదులు బూటు లేని బూటుతో సమానం. అడుగున గీతలు అరిగి నున్నగా అయిపోతే ఇక దాని పని అయిపోయినట్టే. ఎక్కే ముందు, దిగే ముందు బూటు అడుగున అంటిన బురదను గీకేయండి.

పొద్దున్నే బండి చూసేటప్పుడు

ఆయిల్, టైర్లు, లైట్లు చూసినట్టే మెట్లనూ కడ్డీలనూ చూడండి. కడ్డీని పట్టుకుని గట్టిగా గుంజండి, బోల్టు లూజుగా ఉంటే తెలిసిపోతుంది. మెట్టు వంగిందా, ఒక పక్క వెల్డింగ్ ఊడిందా, గరుకు అరిగి నున్నగా అయిందా చూడండి. గ్రీజు, డీజిల్ అంటి ఉంటే సబ్బుపొడి వేసి కడగండి. క్యాబిన్‌లో కాళ్ళ దగ్గర గొలుసులు, తాళ్ళు, సీసాలు పడేసి ఉంచకండి, తిరిగి నిలబడేటప్పుడు కాలికి తగిలేవి అవే. పాడైంది ఏదైనా ఉంటే యజమానికి వాట్సాప్‌లో ఫొటో తీసి పంపండి, నోటిమాటగా చెప్తే రేపు గుర్తుండదు.

యజమానులకూ కాంట్రాక్టర్లకూ ఒక మాట. అరిగిన మెట్టు మీద గరుకు జాలీ వెల్డింగ్ చేయించడం, లేని వైపు ఒక కడ్డీ పెట్టించడం, మెట్టు పైన చిన్న లైటు వేయించడం వెల్డింగ్ షాపులో ఒక పూట పని. కాటా దగ్గర, గేటు దగ్గర డ్రైవర్ దిగకుండానే చిట్టీ ఇచ్చే ఏర్పాటు చేస్తే సగంసార్లు దిగే పనే తప్పుతుంది. బండ్లు ఆగే చోట మొరం పోసి చదును చేయించండి. డ్రైవర్ దూకితే తిట్టడం కాదు, దూకాల్సిన అవసరం లేకుండా చేయండి.

హమాలీలు, ట్రాలీలో వెళ్ళే కూలీలు

లోడు మీద నుంచి దిగడం క్యాబిన్ నుంచి దిగడం కంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ మెట్టూ ఉండదు, కడ్డీ ఉండదు. యాభై కిలోల సిమెంటు బస్తాల మీద, పత్తి బోరాల మీద నిలబడి కిందికి దూకే హమాలీలను రోజూ చూస్తాను. లోడు మీదికి పోవడానికి నిచ్చెన పెట్టించుకోండి, దాని పైకొసను తాడుతో బండికి కట్టండి, అడుగున ఒక మనిషి పట్టుకోవాలి. టైరు మీద కాలు పెట్టి దిగకండి, టైరు గుండ్రంగా ఉంటుంది, బురదతో ఉంటుంది. టార్పాలిన్ కప్పేటప్పుడు వెనక్కి నడుస్తూ తాడు లాగకండి, ఎక్కువమంది పడేది అలా లాగుతుంటే తాడు తెగో ముడి ఊడో. కుదిరినంత వరకు నేల మీద నిలబడే తాళ్ళు లాగండి. గాలి గట్టిగా ఉంటే, వాన పడుతుంటే లోడు మీదికి ఎవ్వరూ ఎక్కకూడదు.

పత్తి ఏరడానికి, సోయా కోతకు ట్రాక్టర్ ట్రాలీల్లో పోయే అక్కలూ, ఫిబ్రవరి మార్చిలో మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయే కూలీలూ కూడా ఇదే తిప్పలు పడుతున్నారు. ట్రాక్టర్ పూర్తిగా ఆగి డ్రైవర్ కిందికి దిగేదాకా ట్రాలీలోంచి ఎవరూ లేవకండి. ఆగీ ఆగకముందే దూకడం, ఆగిందనుకుని లేచి నిలబడితే అది మళ్ళీ కుదుపుతో కదలడం, పడేది ఇలాగే. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య కొక్కెం ఉన్న చోట కాలు పెట్టి దిగకండి, ఎంత దగ్గర దారైనా సరే. ట్రాలీ వెనక పలక, అదే డాలా, తీయించి, ఒక స్టూలో గట్టి చెక్కపెట్టో వేయించి, ట్రాలీకి ముఖం పెట్టి దిగండి. చీరకుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకోండి, డాలా కొక్కేనికి చీర చిక్కుకుని తలకిందులుగా పడే ప్రమాదం ఉంది. కొడవలి, నీళ్ళబిందె, అన్నం మూట పైనున్నవాళ్ళు కిందవాళ్ళకు అందించాలి, చంకలో పిల్లతో దిగకూడదు, పిల్లను కూడా అందించి దిగాలి. ముసలివాళ్ళు ఆఖర్న దిగాలి, అప్పుడు వెనకనుంచి తోసేవాళ్ళు ఉండరు.

పడితే

పడగానే లేవకండి. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు పట్టుకుని లేపబోతారు, ప్రేమతోనే చేస్తారు, వద్దని చెప్పండి. నడుములోనో మెడలోనో నొప్పి, కాళ్ళల్లో తిమ్మిరి, కాలు కదపలేకపోవడం ఉంటే అక్కడే పడుకుని 108కి ఫోన్ చేయించండి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. తలకు దెబ్బ తగిలి వాంతి అయినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కాలికి మాత్రమే అయితే, బూటు విప్పి, ఐస్‌ను గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, కాలిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే తప్పకుండా ఎక్స్‌రే తీయించాలి. మొదటి రెండు రోజులు వేడినీళ్ళ కాపడం, నూనె రాసి మర్దన చేయడం వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రే తీయకముందే నాటుకట్టు కట్టించుకోవద్దని చేతులెత్తి చెప్తున్నాను, పగిలిన మడమకు బిగించి కట్టు కడితే రక్తం ఆడక పాదానికే ముప్పు వస్తుంది. ఎత్తు నుంచి పడి మడమ విరిగితే డాక్టరుకు నడుము కూడా చూడమని చెప్పండి, కొందరికి ఆ దెబ్బలో వెన్నెముక కూడా పగిలి ఉంటుంది, మడమ నొప్పి ముందు అది తెలియదు.

ఆ రోజే కాగితం పుట్టాలి

నాకు జరిగిన అన్యాయం ఇక్కడే. పడిన రోజు ఎవరికీ రాసివ్వలేదు. కాంట్రాక్టర్ ఐదు వేలు చేతిలో పెట్టి ఇంటికి పో అన్నాడు, మూడో నెలలో అడిగితే నువ్వు నా దగ్గర పడ్డట్టు రుజువేది అన్నాడు. అందుకని ఇది బాగా వినండి.

పని మీద ఉండగా బండి దిగుతూ పడితే అది పనిలో జరిగిన ప్రమాదమే, బండి ఆగి ఉంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పడిన గంటలోపే సూపర్‌వైజర్‌కు చెప్పండి, ఫోన్‌లో మెసేజ్ కూడా పెట్టండి, తేదీ, టైము, చోటు, బండి నంబరు, ఎలా పడ్డారు, ఎవరు చూశారు. పడిన చోటు ఫొటో, మెట్టు ఫొటో, మీ కాలి ఫొటో తీయించండి. ప్రమాదాల రిజిస్టర్‌లో రాయమని అడగండి. ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే "డ్యూటీలో లారీ దిగుతూ పడ్డాను" అనే చెప్పండి, ఇంట్లో జారానని చెప్పమని ఎవరు బతిమాలినా చెప్పొద్దు, చీటీ మీద రాసిందే రేపు సాక్ష్యం. బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రం చేయండి.

ఇక్కడి కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి. మనలో చాలామందికి మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. జబాబు, అంటే మీరు చెప్పినట్టు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టే ముందు మరాఠీ బడిలో చదివే మీ పిల్లతోనో పక్కింటి పిల్లతోనో గట్టిగా చదివించుకుని వినండి. ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి.

జీతంలో ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, కట్ అవుతుంటే పని ప్రమాదానికి వైద్యం ఉచితం, పనికి పోలేని రోజులకు జీతంలో 90 శాతం దాకా ఇస్తారు, అందుకు యజమాని ప్రమాద రిపోర్టు పంపాలి, పంపాడో లేదో మీరే అడిగి తెలుసుకోండి. ఈఎస్ఐ లేనివాళ్ళకు యజమాని పరిహారం ఇవ్వాలి. 1923 నాటి పరిహార చట్టంలో ఉన్న ఈ హక్కు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో కొనసాగుతోంది. దెబ్బ వల్ల మూడు రోజులకు మించి పని చేయలేకపోతే అడగొచ్చు, జరిగిన రెండేళ్ళలోపు దావా వేయాలి. మీరు కాంట్రాక్టర్ కింద ఉన్నా, ఆ పని తన వ్యాపారం కోసం చేయిస్తున్న అసలు కంపెనీని కూడా అడిగే హక్కు ఉంది, వాళ్ళు తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటారు. తాగి ఉండగా పడితే మాత్రం పరిహారం చేజారిపోవచ్చు, ఆ ఒక్క కారణానికైనా పనిలో చుక్క ముట్టకండి. లాయర్‌కు డబ్బుల్లేవని ఆగిపోవద్దు, జిల్లా న్యాయసేవా సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

మళ్ళీ పనికి వెళ్ళే రోజు

డాక్టరు సరే అన్న రోజే నేరుగా ట్రిప్పుకు పోకండి. ఆగి ఉన్న ఖాళీ బండి దగ్గరికి ఒక మనిషిని తోడు తీసుకుపోయి, పైన చెప్పినట్టు పదిసార్లు ఎక్కి దిగి చూడండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టండి, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు కిందికి దించండి, అప్పుడు ఒంటి బరువు దించే పని బాగున్న కాలే చేస్తుంది. ఐదోసారికే నొప్పి పెరిగితే ఇంకో వారం ఆగండి. నాకు మూడు వారాలు పట్టింది. మొదటిరోజు మా క్లీనర్ పిల్లాడు కింద చేతులు చాచి నిలబడ్డాడు, నేను రెండో మెట్టు మీద ఆగిపోయి చాలాసేపు కదలలేకపోయాను, "మామా, మూడు ఆనినయ్, ఇంక దించు కాలు" అన్నాడు.